తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సహాయ పత్రాలు

మూలరూపం అందరికీ అందుబాటులో ఉండి, ఎవరైనా మార్చుకుని పంచుకోగల సాఫ్ట్‌వేర్‌ను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లేదా ఓపెన్ సోర్స్ అంటారు. దాన్ని వాడేవాళ్ళ కోసం రాసేవి సహాయ పత్రాలు. సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్లోకి ఎక్కించుకోవడం, దానితో పని చేసుకోవడం, మధ్యలో ఆగిపోతే దారి వెతుక్కోవడం వీటి విషయాలు. కాగితం మీది మాన్యువల్, సాఫ్ట్‌వేర్‌లోనే ఉండే సహాయం మెనూ, వికీ పేజీ, వీడియో పాఠం వీటి రూపాలు. తెలుగులో ఈ పని 1990లలో కీబోర్డు పట్టికలతో మొదలైంది. 2003 తరువాత తెలుగు వికీపీడియాలో, 2005 నుంచి స్వేచ్ఛ సంస్థ పనిలో, ఆ తరువాత మొజిల్లా తెలుగు జట్టు, ఐఐటీ బొంబాయివారి స్పోకెన్ ట్యుటోరియల్ వంటి ప్రయత్నాల్లో పెరిగింది. ఈ చరిత్ర పొడవునా ఒక పొంతనలేమి కనిపిస్తుంది. తెలుగు వాడుకరులు చాలామంది మెనూలను ఇంగ్లీషులోనే ఉంచుకుని, వివరణను తెలుగులో కోరుకున్నారు. స్వచ్ఛందంగా పనిచేసినవాళ్ళ శ్రమ మాత్రం ఎక్కువగా మెనూల అనువాదానికే పోయింది.

నేపథ్యం

కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ రాసిన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మాన్యువల్ తొలి కూర్పు 1971 నవంబరు 3న వెలువడింది. ఒక్కో ఆదేశానికి ఒక్కో పేజీ, ప్రతి పేజీలోనూ అవే శీర్షికలు అన్న దాని పద్ధతి నేటికీ స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లో మ్యాన్ పేజీలుగా నడుస్తోంది. పని తెలిసినవాడు మరచిపోయిన సంగతిని గుర్తు చేసుకోవడానికి అంతకన్నా మంచి సాధనం లేదు. కొత్తగా వచ్చినవాడికి మాత్రం అందులో ప్రవేశం దొరకదు. ఏ ఆదేశం కావాలో ముందే తెలిసి ఉండాలి కదా.

1983 సెప్టెంబరు 27న రిచర్డ్ స్టాల్‌మన్ స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారు చేసే గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. సాఫ్ట్‌వేర్‌తో పాటు మాన్యువల్‌కూ స్వేచ్ఛ ఉండాలన్నది ఆయన పట్టుదల. సాఫ్ట్‌వేర్‌ను ఎవరో మార్చినప్పుడు మాన్యువల్‌ను మార్చే హక్కు లేకపోతే ఆ మాన్యువల్ తప్పులు చెబుతూ మిగిలిపోతుంది. స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌లలో అసలు లోటు మంచి స్వేచ్ఛా మాన్యువళ్ళు లేకపోవడమేనని ఆయన వాదించారు. 2000 మార్చిలో గ్నూ స్వేచ్ఛా పత్ర లైసెన్సు వచ్చింది. సాఫ్ట్‌వేర్ మాన్యువళ్ళ కోసం రాసిన ఈ లైసెన్సునే వికీపీడియా తన రాతలన్నిటికీ తీసుకుంది. 2009 జూన్‌లో క్రియేటివ్ కామన్స్‌కు మారేదాకా తెలుగు వికీపీడియాలో ఊళ్ళ గురించి, సినిమాల గురించి, పురాణాల గురించి రాసిన ప్రతి వాక్యమూ ఆ లైసెన్సు కిందే వెలువడింది.

1990ల మొదట్లో లినక్స్ డాక్యుమెంటేషన్ ప్రాజెక్టు మొదలైంది. మోడెమ్ తగిలించడం, ప్రింటరు పనిచేయించడం లాంటి ఒక్కో పనికి ఒక్కో ‘హౌటూ’ పత్రం రాసే పద్ధతి అక్కడ బలపడింది. సాఫ్ట్‌వేర్‌లోని భాగాల వరుసలో కాకుండా, చెయ్యవలసిన పని వరుసలో రాయాలన్న ఆలోచన సహాయ పత్రాల చరిత్రలో పెద్ద మలుపు. 2011లో వచ్చిన గ్నోమ్ 3 డెస్క్‌టాప్ ఇదే దారిలో మరో అడుగు వేసింది. పుస్తకంలా సాగే పాత మాన్యువల్‌ను పక్కన పెట్టి, ఒక్కో ప్రశ్నకు ఒక్కో చిన్న పేజీగా సహాయాన్ని తిరగరాసింది. అందుకోసం మల్లార్డ్ అనే కొత్త రూపాన్నే తయారు చేసుకుంది.

తెలుగు అక్షరం తెర మీదికి

తెలుగులో తొలి సహాయ పత్రాలు అసలు సాఫ్ట్‌వేర్ గురించి రాసినవి కావు. తెలుగు కనబడటం ఎలా, తెలుగు టైపు చెయ్యడం ఎలా అన్న రెండు ప్రశ్నలకే అవి సమాధానాలు.

1990ల తొలినాళ్ళలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని రూపొందించారు. చిన్న ఎన్ కొడితే న, పెద్ద ఎన్ కొడితే ణ. చిన్న ఎల్ కొడితే ల, పెద్ద ఎల్ కొడితే ళ. ఒక్క పుటలో ఇమిడే ఆ పట్టికే దాని సహాయ పత్రం. పరదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళు ఆ పట్టిక చూసుకుంటూ ఉత్తరాలు, కథలు, పద్యాలు రాసుకున్నారు. తరువాత వీవెన్ తయారు చేసిన లేఖిని అనే టైపింగు సాధనం ఈ పద్ధతినే బ్రౌజరులోకి తెచ్చింది. లేఖినిలో టైపు చేసే పెట్టె, అక్షరాల పట్టిక ఒకే పేజీలో ఉంటాయి. సాధనమూ సహాయమూ ఒకే చోట ఉండటం దాని గొప్పతనం. ‘క్ష ఎలా కొట్టాలి’ అనుకున్నవాడు ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు, చూపు కొంచెం పక్కకు తిప్పితే చాలు. తెలుగు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ఇంతకన్నా చక్కగా అమరిన సహాయం మరొకటి రాలేదని ఘంటాపథంగా చెప్పవచ్చు.

కనబడటం గురించిన చిక్కు మరీ పెద్దది. 1991 నాటి యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికినా, కంప్యూటర్లు దాన్ని సరిగా చూపడానికి మరో పదేళ్ళు పైనే పట్టింది. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉండేది. అయినా కంట్రోల్ పానెల్లో రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి, కాంప్లెక్స్ స్క్రిప్ట్ గడిలో టిక్కు పెట్టి, విండోస్ సీడీ వేసి, మెషీన్‌ను మళ్ళీ మొదలుపెడితే తప్ప ఒత్తులు కుదురుకునేవి కావు. అంతకన్నా పాత మెషీన్లవాళ్ళకు తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించి ఉచితంగా అందించిన పోతన, వేమన ఫాంట్లు ఆదుకున్నాయి. ఇంతకీ ఈ సూచనలు తెలుగులో రాస్తే, అవి అవసరమైనవాడికి వరుసగా ఖాళీ డబ్బాలే కనబడతాయి. ఇంగ్లీషు వికీపీడియాలో భారతీయ లిపుల కోసం పెట్టిన సహాయం పేజీ దీనికి ఉపాయం కనిపెట్టింది. ఒక్కో లిపికి ఒక వరుస వేసి, సరిగా కనబడవలసిన రూపాన్ని బొమ్మగా ఒక గడిలో, అదే మాటను మామూలు అక్షరాలుగా పక్క గడిలో పెట్టింది. రెండూ ఒకేలా ఉంటే మీ కంప్యూటర్ సిద్ధంగా ఉన్నట్టు, తేడా ఉంటే కింది సూచనలు చదవాలన్నట్టు. ఒక్క వాక్యం చదవకుండానే తన స్థితి ఏమిటో వాడుకరికి తెలిసిపోతుంది.

ఈ దశలో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటి ఒక్కో సొంత ఫాంటు వాడేవి. వెన్న నాగార్జున రాసిన పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింత ఆ పేజీలను యూనికోడ్‌లోకి మార్చి చూపేది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టింది కూడా ఆయనే. ఆ తరువాత ఈ-తెలుగు సంస్థ హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో దుకాణం తెరిచి, వచ్చినవాళ్ళకు కంప్యూటర్లో తెలుగు టైపు చెయ్యడం దగ్గరుండి చూపించింది. ‘కంప్యూటర్ ఎరా’ వంటి మాసపత్రికలు ఇంగ్లీషు మెనూ పేర్లను తెలుగు లిపిలో రాసి, చుట్టూ తెలుగులో వివరించే శైలిని అలవాటు చేశాయి. ఆ శైలి తరువాత తెలుగు యూట్యూబు పాఠాలకూ వచ్చింది.

వికీపీడియా సహాయం పేజీలు

తెలుగులో ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు నిండైన సహాయ పత్రాలు ఉన్నాయంటే అది వికీపీడియాను నడిపే మీడియావికీకే. మీడియావికీ తన సాధారణ సహాయం పేజీలపై ఏ హక్కులూ ఉంచుకోకుండా, ఎవరైనా నకలు చేసుకునేలా వదిలేసింది. తెలుగు వికీపీడియా అలాంటి ఇంగ్లీషు పేజీలను అనువదించుకుంటూనే తన సొంత సహాయాన్నీ పెంచుకుంది. అనువాదాల కన్నా కొత్తవాళ్ళ ప్రశ్నల నుంచి పుట్టిన పేజీలే ఎక్కువ అక్కరకొచ్చాయి. ‘5 నిమిషాల్లో వికీ’ అలాంటిది. ప్రయోగశాల పేజీలో కొత్తవాళ్ళు భయం లేకుండా తప్పులు చేసి నేర్చుకోవచ్చు. రచ్చబండ అనే చర్చావేదికలో అడిగిన ప్రశ్నకు అనుభవజ్ఞులు జవాబిస్తారు. ఒకే ప్రశ్న పదేపదే వస్తే ఆ జవాబు సహాయం పేజీగా మారుతుంది.

కొత్త వాడుకరి చర్చాపేజీలో ముందుగా పడేది స్వాగతం మూస, అంటే ముందే రాసిపెట్టిన సందేశం. తెలుగులో టైపు చెయ్యడం ఎలాగో చెప్పే లంకె, మూలస్తంభాలనే వికీ ప్రాథమిక సూత్రాల లంకె, చర్చల్లో రాసిన తరువాత నాలుగు టిల్డెలతో సంతకం చెయ్యమనే సూచన అందులో ఉంటాయి. టిల్డె అంటే కీబోర్డు మీద ఎడమవైపు పైన, 1 అంకెకు పక్కన ఉండే అలలాంటి గుర్తు. చాలామంది తెలుగువాళ్ళు ఆ మీటను మొదటిసారి నొక్కింది ఈ సూచన చదివాకే అయి ఉంటుంది. ఇంకా సందేహం ఉంటే చర్చాపేజీలో ‘సహాయం కావాలి’ అనే మూస పెడితే ఎవరో ఒకరు వచ్చి పలకరిస్తారు.

ఈ పేజీలు కాలంతో పాటు పాతబడ్డాయి కూడా. తొలి పేజీలన్నీ పై వరుసలోని ‘మార్చు’ను నొక్కమని చెప్పేవి. తరువాత అది ‘సవరించు’ అయింది. 2013 నుంచి వికీపీడియాల్లోకి గుర్తులు లేకుండా నేరుగా దిద్దే విజువల్ ఎడిటర్ రావడం మొదలైంది. అప్పటిదాకా బొద్దు అక్షరాలకు మూడేసి కొటేషన్ గుర్తులు, లంకెలకు జంట నలుపలక బ్రాకెట్లు నేర్పిన పేజీలు దాన్ని వాడేవాళ్ళకు వర్తించకుండా పోయాయి. ఫోనులో దిద్దేవాళ్ళు పెరిగాక తెరపట్లు (స్క్రీన్‌షాట్లు) కూడా వేరైపోయాయి. టైపింగు సహాయానిదీ అదే కథ. 2011లో నారాయం అనే పొడిగింత, 2013లో దాని చోట సార్వత్రిక భాషా ఎంపిక పరికరం వచ్చాయి. ప్రతిసారీ ఎవరో కూర్చుని పేజీలు తిరగరాయవలసి వచ్చింది. ఇలా రాసినవాళ్ళ పేర్లు పేజీ చరిత్రల్లో తప్ప బయటెక్కడా కనబడవు. కొత్త వ్యాసం రాసినవాళ్ళకు దొరికే మెప్పు వీళ్ళకు దొరకలేదు, దొరకవలసి ఉంది.

రాత పేజీలతో పాటు ముఖాముఖి శిక్షణ సాగింది. 2010ల మధ్యలో హైదరాబాదు గోల్డెన్ త్రెషోల్డ్ భవనంలో వికీపీడియన్లు నెలనెలా కలిసేవారు. 2014 ఫిబ్రవరిలో విజయవాడలో తెలుగు వికీపీడియా దశాబ్ది ఉత్సవాలు జరిగాయి.

మెనూల అనువాదం, మిగిలిపోయిన సహాయం

హైదరాబాదు కేంద్రంగా 2005లో స్వేచ్ఛ సంస్థ పని మొదలుపెట్టింది. లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారు చేసి, ఇంజనీరింగ్ కాలేజీల్లో విద్యార్థి బృందాలను కట్టింది. ఆ కాలంలోనే ప్రజాశక్తి స్థానికీకరణ జట్టు గ్నోమ్‌ను తెలుగులోకి తేవడానికి పూనుకుంది. 2005లోనే కేంద్ర ప్రభుత్వం తన పరిశోధన సంస్థ సీడాక్ ద్వారా తెలుగు ఫాంట్లు, తెలుగు ఓపెన్ ఆఫీస్ వంటివి ఉన్న సీడీని ఉచితంగా పంచింది. రెడ్ హ్యాట్ సంస్థ పుణె కార్యాలయం నుంచి తెలుగు అనువాదాలు చేయించింది. ఆ సంస్థ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ విడుదల విశేషాలను తెలుగులో ప్రచురించింది. అవి చదివేది సర్వర్లు నడిపే నిపుణులు, వాళ్ళకు ఇంగ్లీషు అడ్డు కాదు. ఇంట్లో కూర్చుని మొదటిసారి లినక్స్ ఎక్కించుకునేవాడికి కావలసిన పుస్తకం తెలుగులో ఆ స్థాయిలో రాలేదు.

ఎందుకిలా జరిగిందో అనువాద ఫైలును చూస్తే అర్థమవుతుంది. గ్నూ గెట్‌టెక్స్ట్ పద్ధతిలో ప్రతి ఇంగ్లీషు వాక్యానికీ కింద ఒక ఖాళీ ఉంటుంది. అనువాదకుడు అక్కడ తెలుగు రాస్తాడు. తరువాతి కూర్పులో ఇంగ్లీషు వాక్యం కొంచెం మారినా సాధనం పాత అనువాదానికి ‘ఫజ్జీ’ అని ముద్ర వేస్తుంది. మళ్ళీ ఎవరైనా చూసి ఆ ముద్ర తీసేదాకా వాడుకరికి ఇంగ్లీషే కనబడుతుంది. ‘భద్రపరచు’, ‘మూసివేయి’ లాంటి మెనూ మాటలు ఏళ్ళ తరబడి మారవు. సహాయ పత్రంలో ఒక పేరా ఆరేడు వాక్యాలు ఉంటుంది, అందులో ఒక్క బటను పేరు మారితే పేరా మొత్తం ఫజ్జీ అవుతుంది. ఆరు నెలలకొక కొత్త కూర్పు తెచ్చే గ్నోమ్ లాంటి ప్రాజెక్టులో చిన్న జట్టు ఈ వేగాన్ని అందుకోవడం అసాధ్యం. మెనూల్లో అనువాదం ఎంత శాతం అయిందో లెక్క కనబడుతుంది. ఆ లెక్క పెంచడమే లక్ష్యంగా మారిపోయింది.

ఇందుకు ఫ్రీడంబాక్స్ మంచి ఉదాహరణ. 2010లో ఎబెన్ మోగ్లెన్ ఆలోచనతో మొదలైన ఈ ఇంటి సర్వరు తయారీలో హైదరాబాదు ప్రోగ్రామర్లకు పెద్ద వాటా ఉంది. దాన్ని నడిపించినవాళ్ళలో సునీల్ మోహన్ అడపా ముఖ్యులు. దాని సహాయ పుస్తకాన్ని డెబియన్ వికీలో ఎవరైనా దిద్దవచ్చు. ఆ పాఠమే పెట్టెలోకీ చేరుతుంది కాబట్టి ఇంటర్నెట్ ఆగిపోయినా చదువుకోవచ్చు. సహాయం ఎప్పుడు అవసరమవుతుందో ఆలోచించి చేసిన ఏర్పాటు అది. ఫ్రీడంబాక్స్ మెనూలకు తెలుగు అనువాదం ఉంది. సహాయ పుస్తకం మాత్రం ఇంగ్లీషు, స్పానిష్ భాషల్లో పెరిగింది.

మొజిల్లా పద్ధతి కొంత వేరు. ఫైర్‌ఫాక్స్ సహాయ వ్యాసాల్లో ఇంగ్లీషు పాఠం స్థిరపడి, స్థానికీకరణకు సిద్ధమని గుర్తు పెట్టాకే అనువాదకులు చేపడతారు. ప్రతి వ్యాసం చివర అది ఉపయోగపడిందా అన్న ప్రశ్న ఉంటుంది. ఏ పేజీని ముందు అనువదించాలో, ఏది మళ్ళీ రాయాలో ఆ జవాబులు చూపుతాయి. మనుషులు తక్కువగా ఉన్న తెలుగు జట్టుకు ఇలాంటి ఎంపిక ఎంతో అవసరం.

గొంతుతో చెప్పిన పాఠాలు

ఐఐటీ బొంబాయిలో కన్నన్ మౌద్గల్య నేతృత్వంలో, కేంద్ర విద్యాశాఖ నిధులతో నడిచిన స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు తెలుగు వాడుకరి కోరికను అందరికన్నా బాగా పట్టుకుంది. లిబ్రే ఆఫీస్, గింప్, సైలాబ్, లేటెక్, లినక్స్ వంటివాటిపై పది నిమిషాల లోపు వీడియోలు తయారు చేసి, తెలుగుతో సహా భారతీయ భాషల్లోకి డబ్బింగ్ చేయించింది. తెర మీది మెనూలు ఇంగ్లీషులోనే ఉంటాయి, మాట మాత్రం తెలుగులో నడుస్తుంది.

ప్రతి పాఠానికీ ముందు స్క్రిప్టు రాస్తారు. ఒక నిలువు వరుసలో తెర మీద ఏం జరగాలో, రెండో దాంట్లో ఏం చెప్పాలో ఉంటుంది. ఆ విషయం ఏమీ తెలియని ఒక వ్యక్తి స్క్రిప్టు చదువుతూ తానే చేసి చూడాలి. అతను ఎక్కడ ఆగిపోతే అక్కడ వాక్యం మార్చాలి. సహాయ పత్రాలను మెరుగుపరచడానికి ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష లేదు. మూలరచన చేసిన ప్రోగ్రామరుకు ఎంత అనుభవం ఉన్నా ఈ పరీక్షను తప్పించే వీల్లేదు. డబ్బింగ్‌లో ఇంగ్లీషు వాక్యానికి పట్టిన క్షణాల్లోనే తెలుగు వాక్యమూ ముగియాలి. అందువల్ల గ్రాంథికం, సంస్కృత సమాసాలు వాటంతట అవే రాలిపోయాయి. విద్యార్థి తెరలో సగం వీడియో, సగం సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, ఆపుకుంటూ తానూ చేస్తాడు. ఏ పాఠం ఏ కూర్పు మీద చేశారో మొదట్లోనే చెప్పడం మరో మంచి అలవాటు. చాలా రాత పత్రాల్లో ఆ ఒక్క వాక్యమే ఉండదు.

తుర్కపల్లి వైపు

హైదరాబాదు నుంచి కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాటితే తుర్కపల్లి. 1990ల చివర రూపుదిద్దుకున్న జీనోమ్ వ్యాలీ అనే జీవశాస్త్ర పరిశోధన ప్రాంతంలో ఇది ముఖ్యమైన చోటు. ఐకేపీ నాలెడ్జ్ పార్క్ ఇక్కడే ఉంది. తెలుగు సహాయ పత్రాలు ఎలా ఉండాలో చూపే రెండు నమూనాలు ఈ వైపు కనిపిస్తాయి.

జీవశాస్త్ర పరిశోధనలో వాడే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు సహాయ పత్రాల విషయంలో కట్టుదిట్టమైన నియమాలున్నాయి. గణాంకాలకు వాడే ఆర్ ప్రోగ్రామింగ్ భాషలో తయారైన పొట్లాలు (ప్యాకేజీలు) అధికారిక భాండాగారంలో చేరాలంటే బయటికి కనబడే ప్రతి ఫంక్షనుకూ వివరణ ఉండాలి. 2001లో మొదలై, జీవశాస్త్రం కోసం ఆర్ పొట్లాలను అందించే బయోకండక్టర్ ఇంకో మెట్టు పైకి వెళ్ళింది. ఒక పనిని మొదలు నుంచి చివరి దాకా నడిపి చూపే పాఠం కనీసం ఒకటి లేకపోతే అక్కడ పొట్లాన్ని తీసుకోరు. సాఫ్ట్‌వేర్ ఎంత బాగున్నా సరే, సహాయం లేనిదే పని పూర్తయినట్టు కాదన్నమాట. తెలుగు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులకు ఈ నియమం ఒక్కటి పెట్టుకున్నా చాలా మారేది.

ఈ ఊళ్ళ ప్రభుత్వ బడుల్లో మరో నమూనా ఉంది. 2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వం ఇంగ్లీషు మాధ్యమాన్ని తెస్తూ ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇచ్చింది. ఒక పుటలో తెలుగు, ఎదురు పుటలో అదే పాఠం ఇంగ్లీషులో. సహాయ పత్రాలకు ఇదే సరైన అచ్చు. బటను పేరు తెర మీద ఉన్నట్టే ఉంచి, దాని పని తెలుగులో చెప్పి, పక్కనే ఇంగ్లీషు పాఠాన్ని ఇస్తే పిల్లలకూ టీచర్లకూ, దుకాణంలో కంప్యూటర్ నడుపుకునేవాళ్ళకూ ఒకేసారి పనికొస్తుంది.

ఇటీవలి కాలం

2017లో గిట్‌హబ్ జరిపిన ఓపెన్ సోర్స్ సర్వేలో 93 శాతం మంది అసంపూర్ణమైన, పాతబడిన పత్రాలను సమస్యగా చెప్పారు. 2019లో గూగుల్ సీజన్ ఆఫ్ డాక్స్ పేరుతో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పత్రాలు రాసేవాళ్ళకు డబ్బు చెల్లించే ఏర్పాటు మొదలుపెట్టింది. 2011లో గూగుల్ అనువాదంలోకి తెలుగు వచ్చింది, ఆ తరువాత యంత్రానువాదం చాలా మెరుగైంది. సహాయ పత్రాల్లో మాత్రం దానికొక ప్రమాదం ఉంది. తెర మీద ఇంగ్లీషులో ఉన్న బటను పేరును కూడా యంత్రం తెలుగులోకి మార్చేస్తుంది, వాడుకరి ఆ పేరు కోసం తెరంతా వెతుక్కుంటాడు. ఎవరైనా మనిషి తెర ముందు కూర్చుని సరిచూడక తప్పదు.

తెలుగు వికీపీడియా సహాయం పేజీల్లో చాలావాటిని ఎవరైనా సవరించవచ్చు. కంప్యూటరు గురించి ఇంట్లోవాళ్ళకో, పక్కింటివాళ్ళకో మీరు ఈ మధ్య చెప్పి చూపిన సంగతి ఏదైనా ఉంటే, దాన్ని చెప్పిన మాటల్లోనే అక్కడ రాయండి. ఏ కూర్పు మీద చేశారో, ఏ తేదీన సరిచూశారో కూడా రాయండి.